‘వాకబుల్ డిస్టెన్స్’ అంటే ఎంత దూరం? హైదరాబాద్‌కి ఉద్యోగానికి వచ్చేవాళ్లు ఇల్లు చూసే ముందు

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికిన ప్రతివాళ్లూ ‘వాకబుల్ డిస్టెన్స్’ అనే మాట వినే ఉంటారు. టు-లెట్ బోర్డు మీద అదే, బ్రోకర్ నోట అదే, ఓనర్ ఫోన్ ఎత్తగానే చెప్పేదీ అదే. ఆఫీసుకి వాకబుల్, మెట్రోకి వాకబుల్, స్కూలుకి వాకబుల్. తెనాలి నుంచి కొత్తగా వచ్చినప్పుడు ఈ మాట నమ్మి, నేనూ మా ఆయనా నగరానికి పడమరన ఉన్న నానక్‌రామ్‌గూడ వైపు ఒక ఫ్లాట్ తీసుకున్నాం. ఆఫీసు కిలోమీటరున్నర. అగ్రిమెంటు పదకొండు నెలలు. ఆ పదకొండు నెలల్లో నేను ఆఫీసుకి నడిచి వెళ్లింది పట్టుమని పదిసార్లు కూడా లేదు.

దూరం వల్ల కాదు. మధ్యలో ఒక పెద్ద రోడ్డు దాటాలి. సిగ్నల్ లేదు. జంక్షన్ మూసేసి కొంచెం అవతల యూటర్న్ పెట్టారు. బండ్లు ఎక్కడా ఆగాల్సిన పనిలేదు కాబట్టి మనిషి దాటడానికి సందు దొరకదు. పొద్దున తొమ్మిదిన్నరకి డివైడర్ మీద లాప్‌టాప్ బ్యాగుతో నిలబడి, ఇటు చూసి అటు చూసి, చివరికి పరుగెత్తడమే. నాలుగు రోజులకే ఆ టెన్షన్ భరించలేక కిలోమీటరున్నరకి ఆటో ఎక్కడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత అమ్మ వచ్చింది. తెనాలిలో రోజూ పొద్దున్నే సంచి పట్టుకుని మార్కెట్‌కి నడిచి వెళ్లే మనిషి, ఆ ఫ్లాట్‌లో పది రోజులు బాల్కనీలో కూర్చుంది. కొత్తిమీర కట్ట కావాలన్నా నేను ఆఫీసు నుంచి యాప్‌లో ఆర్డర్ పెట్టాలి. నాలుగో రోజు రాత్రి అన్నం తింటూ, “కిందికి దిగితే వెళ్లడానికి ఏముందే ఇక్కడ?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఇల్లు వెతికినప్పుడు నేను పట్టుకున్న ప్రశ్న అదే.

మూడు సంగతులు, ఒకే మాట

‘వాకబుల్’ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. దూరం ఒకటి. ఆ దూరం చివర మనకు రోజూ అవసరమయ్యేది ఏదైనా ఉందా అన్నది ఇంకొకటి. మధ్యలో దారి మనిషిని పోనిస్తుందా అన్నది మూడోది. బ్రోకర్ చెప్పేది మొదటిదాని గురించే. అదీ మ్యాప్‌లో గీత గీసి కొలిచిన దూరం. ఆరోగ్యంగా ఉన్న మనిషి గంటకి అయిదు కిలోమీటర్ల దాకా నడుస్తారు, అంటే అయిదు నిమిషాలకి నాలుగొందల మీటర్లు. అలా లెక్కేస్తే మా ఫ్లాట్ నుంచి ఆఫీసు ఇరవై నిమిషాల్లోపే. కానీ టవర్ నుంచి మెయిన్ గేటుకే అయిదు నిమిషాలు. ఆ గేటు ఆఫీసుకి ఎదురు దిక్కున ఉంది. గోడ చుట్టూ తిరిగి రావాలి. ఆపైన రోడ్డు దాటడం.

మన మాటల్లో ఇంకో చిక్కు ఉంది. ‘వాకింగ్’ అంటే మనకు వ్యాయామం. ‘నడిచి వెళ్లడం’ అంటే పని. “వాకింగ్‌కి బాగుంటుందా?” అని అడిగితే బ్రోకర్ కాంపౌండ్ లోపల వేసిన ట్రాక్ చూపిస్తాడు, లేదంటే కొండాపూర్ బొటానికల్ గార్డెన్ దగ్గరేనంటాడు. అతని తప్పేమీ లేదు, మనం అడిగిందే అది. ఆ ట్రాక్ మీద పొద్దున నాలుగు రౌండ్లు కొట్టినవాళ్లే పెరుగు ప్యాకెట్ కోసం కారు తీస్తారు. అందుకే ఇప్పుడెవరైనా సలహా అడిగితే నేను చెప్పేది ఇదే: వాకింగ్ సంగతి అడగకండి, “కర్రీ పాయింట్ ఎంత దూరం, మెడికల్ షాపు ఎంత దూరం, మధ్యలో పెద్ద రోడ్డు దాటాలా?” అని అడగండి.

పడమర వైపు ఎందుకిలా ఉంది

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబరులో మొదలైంది. అప్పటిదాకా ఆ చుట్టుపక్కల ఉన్నవి ఊళ్లే: మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ. ఊళ్ల మధ్య రాళ్లగుట్టలు, చెరువులు, ఖాళీ భూములు. ఆ ఖాళీ భూముల్లో ఆఫీసులొచ్చాయి. ఒక్కో క్యాంపస్‌కి ఎకరాలకెకరాలు, చుట్టూ గోడ, ఒకటో రెండో గేట్లు. తర్వాత ఇళ్లూ అదే పద్ధతిలో వచ్చాయి. నల్లగండ్ల, తెల్లాపూర్, కోకాపేట వైపు చూడండి, అన్నీ గేటెడ్ కమ్యూనిటీలే. గోడలున్నచోట అడ్డదారులు ఉండవు. అడ్డదారులు లేనప్పుడు ప్రతి మనిషీ ప్రతి బండీ ఒకే పెద్ద రోడ్డు మీదికి రావాలి. ఆ రోడ్డుని బండ్ల కోసం వెడల్పు చేస్తారు. వెడల్పు చేసేకొద్దీ మనిషికి దాటడం కష్టమవుతుంది. గోడ పక్కన దుకాణం ఉండదు కాబట్టి ఆ పొడవునా రాత్రిపూట మనిషి కనపడడు. మనిషి కనపడనిచోట నాలాంటివాళ్లు నడవరు. ఇలా ఒకదాని వెనక ఒకటి చేరి, కిలోమీటరున్నర ఆటో దూరమైపోయింది.

అయితే పడమరంతా ఒకటే అనుకోకండి. ఆ పాత ఊళ్లు ఎక్కడికీ పోలేదు. రెవెన్యూ భాషలో గ్రామకంఠం అనే పాత ఊరి నడిబొడ్డు ఈ అద్దాల భవనాల వెనకాలే ఉంది. గచ్చిబౌలిలో అంజయ్యనగర్, ఇందిరానగర్ సందుల్లోకి వెళ్తే హాస్టళ్లు, మెస్సులు, టిఫిన్ బండ్లు, జిరాక్స్ షాపులు, అన్నీ నాలుగడుగుల్లో. మాదాపూర్‌లో అయ్యప్ప సొసైటీ కూడా అంతే. ఒంటరిగా వచ్చి మొదటి ఉద్యోగంలో చేరే కుర్రవాళ్లకీ అమ్మాయిలకీ ఇవి నిజంగా పనికొచ్చే చోట్లు. వాటి ఇబ్బందీ చెప్పాలి. భవనాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, గదిలోకి వెలుతురు రాదు, కొన్ని సందుల్లోకి ఫైర్ ఇంజన్ వెళ్లలేదు. ఏడాది ఉండటానికి సరే. పిల్లలతో, పెద్దవాళ్లతో కాపురానికి నేనైతే వద్దనే చెబుతాను.

పాత కాలనీల్లో కథ వేరు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు (కేపీహెచ్‌బీ), ఎస్.ఆర్. నగర్, వెంగళరావునగర్, విజయనగర్ కాలనీ, ఇటు సికింద్రాబాద్‌లో మారేడ్‌పల్లి, పద్మారావునగర్, తార్నాక, అటు నారాయణగూడ, బర్కత్‌పుర, నల్లకుంట. వీటిలో చాలావరకు ప్లాట్లు చిన్నవి, సందులు ఒకదానికొకటి కలుస్తాయి. ఒక సందులో నీళ్లు నిలిచినా పెళ్లి పందిరి వేసినా పక్క సందులోంచి వెళ్లిపోవచ్చు. మలుపు దగ్గరి ఇళ్లవాళ్లు ముందుగదికి షట్టర్ పెట్టి అద్దెకిచ్చారు. అలా ఒకదాంట్లో కిరాణా, ఒకదాంట్లో టైలర్, ఒకదాంట్లో పిండి గిర్నీ. ఇవన్నీ ఎవరో ప్లాన్ గీసి పెట్టినవి కావు. ఆ సందులో జనం నడుస్తారు కాబట్టి కొట్టు నడుస్తుంది, కొట్టు ఉంది కాబట్టి జనం నడుస్తారు.

ఫుట్‌పాత్‌ని చూసి మోసపోవద్దు

ఇక్కడ నాకు మొదట్లో అర్థంకాని విషయం ఒకటి. నానక్‌రామ్‌గూడ వైపు పెద్ద ఆఫీసులుండే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్ల పక్కన చాలాచోట్ల మంచి వెడల్పైన ఫుట్‌పాత్‌లు ఉన్నాయి, వాటిమీద మనుషులు తక్కువ. వెంగళరావునగర్ లోపలి సందుల్లో ఫుట్‌పాతే లేదు, అయినా సాయంత్రం ఆరయ్యేసరికి రోడ్డు నిండా మనుషులు. కారణం వేగం. ఇరవై ముప్పై అడుగుల సందులో రెండు పక్కలా బళ్లు పెట్టి ఉంటే, మధ్యలో వచ్చే కారు మెల్లగా రాక తప్పదు. అక్కడ మనిషి రోడ్డు మధ్యలో నడిచినా బండివాడు హారన్ కొట్టి ఆగుతాడు. పెద్ద రోడ్డు మీద ఆగడు.

కాబట్టి సందు లోపల ఫుట్‌పాత్ లేకపోయినా కంగారు పడక్కర్లేదు. సందు దాటి మెట్రోకో బస్టాపుకో వెళ్లే పెద్ద రోడ్డు మీద మాత్రం అది తప్పనిసరిగా ఉండాలి, ఖాళీగా ఉండాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డమూ లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు ఉండాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు, ఆరంగుళాలు మించకూడదు. ఈ రెండు అంకెలూ మనసులో పెట్టుకుని అమీర్‌పేట నుంచి ఎస్.ఆర్. నగర్ వైపు ఒకసారి నడవండి. కొన్నిచోట్ల ఫుట్‌పాత్ మోకాలి ఎత్తున ఉంటుంది. ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం. దాన్ని తప్పుకోవడానికి కిందికి దిగాలి. మళ్లీ ఎక్కితే బైకుల వరస. ఇంకో నాలుగడుగులకి ఒక ఇంటివాళ్లు కారు ఎక్కించుకోవడానికి కట్టుకున్న ర్యాంపు, ఫుట్‌పాత్‌ని వాలుగా కోసేసి ఉంటుంది. ఆ పక్కన డ్రైనేజీ మీద ఒక స్లాబు లేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఇన్నిసార్లు ఎక్కి దిగలేక రోడ్డు మీదే నడుస్తుంది. మా అమ్మ చేసేది అదే.

ఎవరూ పట్టించుకోరా అంటే, పట్టించుకోవాల్సినవాళ్లు ఒక్కరు కాదు. రోడ్డు మున్సిపాలిటీది, మురుగు పైపు జలమండలిది, ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ సంస్థది, పార్కింగ్ చూడాల్సింది ట్రాఫిక్ పోలీసులు. ఒకరు తవ్వింది ఇంకొకరు పూడ్చాలి. 2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసులు ‘ఆపరేషన్ రోప్’ పేరుతో అడ్డగోలు పార్కింగ్ మీద, ఆక్రమణల మీద చర్యలు మొదలుపెట్టారు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఆక్రమణల్లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పి, పాదచారుల కోసం మార్గదర్శకాలు తయారుచేయాలని రాష్ట్రాలని ఆదేశించింది. ఆ మాట ఎందుకు అవసరమైందో ఒక లెక్క చెబుతుంది. కేంద్ర రవాణా శాఖ వివరాల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో దాదాపు 33 వేల మంది నడిచి వెళ్తున్నవాళ్లే. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు.

అందుకే ఇల్లు చూసేటప్పుడు రోడ్డు దాటే చోటు చూడండి అని అంతగా చెబుతున్నాను. హైదరాబాద్‌లో చాలా జంక్షన్లలో సిగ్నల్ తీసి యూటర్న్‌లు పెట్టారు. బండికి సుఖమే. మనిషికి మాత్రం ఎర్ర లైటు ఇచ్చే ఆ అరనిమిషం కూడా పోయింది. మీ ఇల్లు, మీ రోజువారీ అవసరాలు పెద్ద రోడ్డుకి ఒకే వైపున ఉంటే సగం సమస్య తీరినట్టే. తప్పదనుకుంటే మెట్రో స్టేషన్ దగ్గర్లో ఉండండి. టికెట్ కొనకుండానే మెట్లెక్కి, పై అంతస్తులోంచి అటువైపు దిగిపోవచ్చు. కేపీహెచ్‌బీలో ముంబై హైవే ఊరిని రెండు ముక్కలు చేసింది. అక్కడ ఆ స్టేషన్ మెట్లే జనానికి వంతెన. ఉప్పల్ జంక్షన్‌లో 2023 జూన్‌లో తెరిచిన స్కైవాక్ కూడా బస్టాపుల్నీ మెట్రోనీ పైనుంచే కలుపుతుంది.

ఆఫీసు దగ్గరా, ఆఫీసుకి వెళ్లే లైన్ దగ్గరా?

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఉద్యోగం హైటెక్ సిటీలో, ఇల్లు ఎక్కడ? అందరూ ఇచ్చే సలహా ఆఫీసు దగ్గర తీసుకోమనే. నా అభిప్రాయం వేరు. ఆఫీసుకి రోజుకి ఒకసారి వెళ్లి ఒకసారి వస్తాం, అదీ చాలామందికి వారంలో మూడు నాలుగు రోజులే. పాలు, కూరగాయలు, మందులు, టిఫిన్, ఇస్త్రీ, పిల్లల ట్యూషన్, గుడి, వీటికి రోజుకి నాలుగైదు సార్లు బయటికి వెళ్తాం. ఒక్క పెద్ద ప్రయాణం మెట్రోకి వదిలేసి, చిన్న ప్రయాణాలన్నీ కాళ్లమీద అయ్యేచోట ఉంటే రోజు తేలికవుతుంది.

దీనికి మెట్రో మ్యాప్ దగ్గర పెట్టుకోవాలి. 2017 నవంబరులో మొదలైన మెట్రోకి ఇప్పుడు మూడు లైన్లు. మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ రెడ్ లైన్, నాగోల్ నుంచి రాయదుర్గం బ్లూ లైన్, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) గ్రీన్ లైన్. హైటెక్ సిటీ, మాదాపూర్, రాయదుర్గం వైపు ఆఫీసు అయితే బ్లూ లైన్ మీద ఉండే పాత కాలనీ చూసుకోవాలి. మధురానగర్, యూసుఫ్‌గూడ స్టేషన్లకి నడిచి వెళ్లగలిగే వెంగళరావునగర్, కల్యాణ్‌నగర్ అలాంటివే. ఎక్కడా మారకుండా రాయదుర్గం దాకా వెళ్లొచ్చు. తార్నాక, హబ్సిగూడ కూడా అదే లైన్, ప్రయాణం ఎక్కువసేపు కానీ సీటు దొరికే అవకాశం ఎక్కువ. కేపీహెచ్‌బీ రెడ్ లైన్ మీద ఉంది, కాబట్టి మెట్రోలో హైటెక్ సిటీకి వెళ్లాలంటే అమీర్‌పేట దాకా వెళ్లి, దిగి, మారి వెనక్కి రావాలి. అక్కడివాళ్లకి బస్సే నయం. చిక్కడపల్లి, నారాయణగూడ నడవడానికి ఎంతో బాగుంటాయి, పోటీ పరీక్షలకి చదివేవాళ్లకి సిటీ సెంట్రల్ లైబ్రరీ కూడా అక్కడే. కానీ గ్రీన్ లైన్ నుంచి ఐటీ వైపు రోజూ మారి వెళ్లడం అలసట. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ చిరునామా ఉన్న ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కాబట్టి మెట్రో దూరమైనా మంచి బస్టాపు దగ్గరుంటే దాన్నీ లెక్కలో వేసుకోవచ్చు.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు అయితే ఈ లెక్క కాస్త మారుతుంది. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కడినుంచి ఇంకా కిలోమీటర్లు మిగిలి ఉంటాయి. ఆఫీసు షటిల్ ఉందా లేదా అన్నది ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే హెచ్‌ఆర్‌ని అడగాలి. నైట్ షిఫ్టు వాళ్లకీ, రోజూ మధ్యాహ్నం ఇంటికొచ్చి చంటిపిల్లని చూసుకోవాల్సినవాళ్లకీ ఆఫీసు దగ్గరే ఉండటం న్యాయం.

అడ్వాన్స్ ఇచ్చేముందు

ఊళ్లో ఉండి ఫోటోలు చూసి ఇల్లు ఖాయం చేయకండి. నెల రోజులు హాస్టల్లోనో చుట్టాలింట్లోనో ఉండి వెతకడం మేలు. ఒకే దారిని మూడు వేళల్లో నడవాలి. పొద్దున ఎనిమిదిన్నరకి స్టేషన్ దాకా, ఆఫీసు బ్యాగుతో. రాత్రి తొమ్మిదిన్నరకి స్టేషన్ నుంచి ఇంటిదాకా. ఎన్ని షాపులు తెరిచి ఉన్నాయి, ఎక్కడ వీధిలైటు లేదు, కుక్కల గుంపు ఎక్కడ, ఇవి రాత్రికే తెలుస్తాయి. మూడోది, గట్టి వాన పడిన గంటకి. 2020 అక్టోబరు వానకి ఏ కాలనీలో నడుము లోతు నీళ్లొచ్చాయో అక్కడివాళ్లు ఇప్పటికీ గోడమీద గుర్తు చూపిస్తారు. మే నెలలో వెతుకుతుంటే వాన దొరకదు, అప్పుడు చెట్లు చూడండి. నడినెత్తిన ఎండలో స్టేషన్ దాకా నీడ ఎంతదూరం ఉందో అప్పుడే కనపడుతుంది.

సందు సంగతి చెప్పడంలో ఇస్త్రీ బండిని మించింది లేదు. ఇస్త్రీ బండి ఉందంటే అక్కడ నీడ ఉంది, బండ్ల వేగం లేదు, జనం ఆగి మాట్లాడతారు. ఆ బండి దగ్గరి మనిషి రోజంతా అక్కడే నిలబడతాడు కాబట్టి సందులో జరిగేదంతా అతనికి తెలుసు.

రెండోసారి మేం వెంగళరావునగర్‌లో చూసింది రెండు ఇళ్లు, ఒకే సందులో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. అద్దె ఒకటే. ఆ చివరిది కొత్తగా రంగులేసి ఉంది, మా ఆయనకి అదే నచ్చింది. వేపచెట్టు కింద ఇస్త్రీ చేస్తున్నాయన్ని అడిగాను. పెట్టె పక్కన పెట్టి, “అటు చివర వానొస్తే మ్యాన్‌హోల్ పొంగుతదమ్మా. మీ ఇంట్ల పెద్దోళ్లున్నరంటున్నవ్ కదా, ఇటుదే తీస్కోండ్రి” అన్నాడు. ఇటుదే తీసుకున్నాం.

ఆ ఏడాది దసరాకి అమ్మ వచ్చింది. రెండో రోజు నేను నిద్ర లేచేసరికి ఇంట్లో లేదు. కంగారుగా కిందికి పరుగెత్తబోతుంటే గేటు తీసుకుని వస్తోంది, చేతి సంచిలో తోటకూర కట్ట, పైన కొత్తిమీర. “ఇక్కడ నాలుగు కట్టలు తీసుకుంటే ఒకటి కొసరేస్తున్నాడే” అంటూ మెట్లెక్కింది.